ఖాళీని చదివే చెయ్యి

కార్డు మీద రెండు గీతలు పడ్డాయి. స్కాను తెర మీద గర్భసంచి ఖాళీగా ఉంది. రెండూ నిజమే. గర్భం వచ్చింది, కానీ ఉండాల్సిన చోట కనపడటం లేదు. స్త్రీల వైద్యంలో దీనికన్నా భయంకరమైన బొమ్మలు చాలా ఉండొచ్చు గానీ, నాకు తెలిసి ఇంత పనితనం అడిగే బొమ్మ ఇంకొకటి లేదు. కనపడేదాన్ని చూసి చెప్పడం కొంత అభ్యాసంతో ఎవరికైనా వస్తుంది. కనపడనిదాన్ని చూసి ఏం చెప్పాలో, అంతకన్నా ముఖ్యంగా ఏం చెప్పకూడదో తెలియడం వేరే విద్య. ఆ విద్యను కాస్త దగ్గరగా చూద్దాం. చూడ్డానికి ఎంచుకున్న ఊరు రాజపాళయం.

తమిళనాడులో పడమటి కనుమల పాదాల దగ్గర, విరుదునగర్ జిల్లాలో ఉంది ఆ ఊరు. విజయనగర కాలంలో ఆంధ్రదేశం నుంచి దిగివచ్చిన రాజుల కుటుంబాలు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాయి. 1949 నుంచి 1952 వరకు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివాడే. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా పెట్టిన రాజపాళయం మిల్స్ తరువాత ఊరంతా నూలు మిల్లుల ఊరైంది. పక్కనే ఛత్రపట్టి. అక్కడి మగ్గాలు నేసేది చీరలు కాదు, ఆసుపత్రులకు బ్యాండేజీ గుడ్డ, గాజ్ గుడ్డ. ఎక్కడో దూరాన ఆపరేషన్ బల్ల మీద రక్తం అద్దే గుడ్డ ఇక్కడి మగ్గం మీద నుంచి దిగినదే అయి ఉండొచ్చు. ఊరిని ఆనుకుని సంజీవి కొండ ఉంది. హనుమంతుడు ఎత్తుకెళ్తుంటే రాలిన ముక్క అని ఊళ్లో చెప్పుకుంటారు. మందుల గురించి రాసే వ్యాసానికి ఆ కొండ నీడ కలిసొస్తుందని ఒప్పుకుంటాను గానీ, మనకు కావలసిన మందు ఆ కొండ మీద దొరికేది కాదు. దాని కథకు భీమవరం దాకా వెళ్లాలి. ముందు స్కాను గదిలోకి వెళ్దాం.

అసలు విషయం క్లుప్తంగా. అండం, వీర్యకణం కలిసేది గర్భసంచిలో కాదు, దానికి ఇరువైపులా ఉన్న ఫాలోపియన్ ట్యూబుల్లో. కలిసిన పిండం ఆ ట్యూబు లోపలి సన్నని వెంట్రుకల్లాంటి పొర తోస్తుంటే మూడు నాలుగు రోజుల్లో గర్భసంచిలోకి చేరి, ఆ తరువాత గోడలో నాటుకుంటుంది. ఎప్పుడో వచ్చి తగ్గిన ఇన్ఫెక్షన్ ఆ పొరను పాడుచేసినా, పాత ఆపరేషన్ మచ్చ దారికి అడ్డుపడినా పిండం మధ్యలోనే ఆగి అక్కడే వేళ్లూనుతుంది. ఇదే ఎక్టోపిక్, మన ఇళ్లలో ట్యూబులో గర్భం అంటాం. వంద గర్భాల్లో ఒకటో రెండో ఇలా జరుగుతాయి. వాటిలో పదింట తొమ్మిదికి పైగా ట్యూబులోనే. ఇలా జరిగిన స్త్రీలలో సగం మందికి ముందు ఏ కారణమూ కనపడదు. గర్భసంచి బిడ్డతో పాటు సాగుతుంది, ట్యూబు సాగదు. ఆరో వారం, ఎనిమిదో వారం మధ్య ఎక్కువగా చిట్లుతుంది. చిట్లితే రక్తం బయటికి రాదు, కడుపులోకి పోతుంది. బయట నాలుగు చుక్కలు కనపడుతుంటే లోపల లీటరు రక్తం చేరి ఉండొచ్చు. కొందరికి భుజం మీద నొప్పి వస్తుంది. కడుపులో చేరిన రక్తం పొట్టకూ ఛాతీకీ మధ్య ఉన్న డయాఫ్రమ్‌ను ఒరుసుకుంటే, అక్కడి నరం భుజానికి చాడీ చెబుతుంది. భుజం నొప్పి అంటే కండరం పట్టేసిందని తైలం రాసే ఇంట్లో ఈ చాడీ ఎవరికీ అందదు.

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. మిల్లులో షిఫ్టులు చేస్తుంది. మొదటి బిడ్డ సిజేరియన్. నెల తప్పి పది రోజులైంది, కార్డు చూసుకుంది, గీతలు వచ్చాయి. నిన్నటి నుంచి చుక్కలు కనపడుతున్నాయి, ఎడమవైపు పొత్తికడుపులో సన్నగా లాగుతోంది. స్కాను గదిలో డాక్టరమ్మ మొదట అడిగే ప్రశ్న యంత్రం గురించి కాదు.

"ఆఖరున ఎప్పుడు తలకు పోసుకున్నావమ్మా?"

"పోయిన నెల... గుడి పండగ అయిన వారానికి అక్కా."

"ఎప్పటిలాగే అయిందా, తక్కువగా అయిందా?"

పండగ ముందా తరువాతా, ఎన్ని రోజులు, ఎంత, ఏ రంగు అని ఇంత తవ్వడం చాదస్తం కాదు. తేదీ మీదే తరువాతి లెక్కంతా ఆధారపడుతుంది. ఐదో వారానికి గర్భసంచిలో రెండు మూడు మిల్లీమీటర్ల గర్భకోశం, అంటే పిండం ఎదిగే తిత్తి, కనపడాలి. ఐదున్నరకు దానిలో యోక్ శాక్ అనే చిన్న గుండ్రటి సంచి. ఆరో వారానికి పిండం, దాని పక్కన మిణుకుమిణుకుమనే గుండె. ఆమె చెప్పిన ఆఖరి నెలసరి నిజంగా నెలసరి కాకుండా ట్యూబులోని గర్భం వల్ల వచ్చిన రక్తస్రావం అయితే లెక్క నెల రోజులు తప్పుతుంది. గర్భసంచి ఖాళీగా కనపడటానికి అప్పుడు మూడు అర్థాలుంటాయి. ఇంకా చాలా తొందర. లేదా గర్భం నిలవకుండా పోయింది. లేదా వేరే చోట ఉంది. తెర మీద మూడూ ఒకేలా ఉంటాయి. ఆ మూడింటినీ విడదీయడమే మనం మెచ్చుకోబోతున్న పని.

పొట్ట మీద నుంచి చేసే స్కానుకు మూత్రం నిండా ఉండాలి. లోపలి నుంచి చేసేదానికి ఖాళీ చేసి రావాలి. ఇంత తొలి దశలో లోపలి స్కానే నమ్మదగింది, ఎందుకంటే ప్రోబు గర్భసంచికి నాలుగు వేళ్ల దూరంలోకి వెళ్తుంది. మన ఆడవాళ్లకు ఇది ఇబ్బందిగానే ఉంటుంది. మంచి సోనాలజిస్టు పని ఆ ఇబ్బందితోనే మొదలవుతుంది. దుప్పటి కప్పడం, ప్రోబుకు కొత్త తొడుగు వేయడం ఆమె చూసేలా చేయడం, నొప్పి అనిపిస్తే చెయ్యెత్తమనడం, మగ డాక్టరైతే గదిలో నర్సును ఉంచడం. మర్యాద కోసమే కాదు ఇదంతా. బిగుసుకున్న శరీరంలో ప్రోబు కదలదు. కదలని ప్రోబుకు పక్కలు కనపడవు.

మొదట గర్భసంచిని నిలువుగా చూస్తారు. గర్భద్వారం నుంచి పైకప్పు దాకా ఒక గీతలా పొర కనపడాలి. దాని మందం కొలుస్తారు. ఆ తరువాత ప్రోబును తొంభై డిగ్రీలు తిప్పి అడ్డంగా, కింది నుంచి పైదాకా జల్లెడ పడతారు. ఇక్కడే మొదటి ఉచ్చు ఉంది. గర్భసంచి మధ్యలో కాస్త ద్రవం చేరితే అచ్చం గర్భకోశంలాగే నల్లగా కనపడుతుంది. అది చూసి గర్భం లోపలే ఉందని రాసి పంపేస్తే, ట్యూబులో ఉన్న అసలు గర్భాన్ని ఎవరూ వెతకరు. తేడా సన్ననిది. నిజమైన గర్భకోశం గోడ పొరలోకి పాతుకుని ఓ పక్కగా ఉంటుంది, చుట్టూ రెండు తెల్లటి అంచులుంటాయి. దొంగ కోశం సరిగ్గా నడిమధ్యన, రెండు పొరల నడుమ తేలుతుంది, ఒత్తితే ఆకారం మారుతుంది. దానిలో యోక్ శాక్ ఉంటే ఇక సందేహం లేదు. లేకపోతే అనుభవం ఉన్నవాళ్లు అచ్చంగా ఏది కనపడిందో అంతే రాస్తారు.

గర్భసంచిలో ఏమీ లేదని తేలాక చాలామంది కొత్తవాళ్ల చెయ్యి ఆగిపోతుంది. నేర్పరి చెయ్యి అప్పుడే పనిలోకి దిగుతుంది. ప్రోబు కుడికి, ఎడమకు వాలుతుంది. కటి గోడ వెంట పోయే పెద్ద రక్తనాళాల పక్కన అండాశయాలు దొరుకుతాయి. ఏ అండాశయం నుంచి ఈ నెల అండం విడుదలైందో అక్కడ కార్పస్ లూటియం అనే మచ్చ ఉంటుంది. ట్యూబులో గర్భం ఎక్కువసార్లు అదే వైపు ఉంటుంది గనక వెతుకులాట అటునుంచి మొదలవుతుంది. మామూలు ట్యూబు స్కానులో దాదాపు కనపడదు, అంత సన్నం. కనపడిందంటే ఏదో జరిగిందన్నమాట. అండాశయానికీ గర్భసంచికీ నడుమ ఉన్న ఆ సందులో ఒక చిన్న గడ్డ, ఒక మసక ముద్ద ఉందేమో చూస్తారు. కొన్నిసార్లు తెల్లటి గట్టు కట్టిన, మధ్యలో నల్లటి బిళ్ల ఉన్న వలయం కనపడుతుంది. ఇంగ్లీషు పుస్తకాలు దానికి తమ రొట్టె పేరేదో పెట్టాయి. రాజపాళయం టిఫిన్ దుకాణంలో పొద్దున్నే వేగే మినప వడ చూసినవాళ్లకు వేరే పేరు అక్కర్లేదు.

చిక్కేమిటంటే కార్పస్ లూటియం కూడా వలయంలాగే ఉంటుంది. రక్తప్రవాహాన్ని చూపే రంగుల డాప్లర్ వేస్తే దాని చుట్టూ రక్తం నిప్పుల గాజులా వెలుగుతుంది. ట్యూబులో గర్భం చుట్టూ కూడా అలాగే వెలగొచ్చు. రంగు చూసి మోసపోని వాళ్లు అప్పుడు ఒక చిన్న పని చేస్తారు. నాకు ఈ మొత్తం విద్యలో అన్నింటికన్నా అందంగా అనిపించేది అదే. కుడిచేత్తో ప్రోబును మెల్లగా లోపలికి నొక్కుతూ, ఎడమ అరచేతిని పొట్ట మీద ఆనించి పైనుంచి అదుముతారు. రెండు చేతుల మధ్య అండాశయం కదులుతుంది. ముద్ద కూడా దాంతోపాటే కదిలితే అది అండాశయంలోదే, కార్పస్ లూటియం. ముద్ద ఒకవైపు, అండాశయం ఒకవైపు ఒకదాని మీదుగా ఒకటి జారితే అది వేరే వస్తువు. యంత్రం ధర కోటి కావచ్చు, ఐదు లక్షలు కావచ్చు, ఈ జారుడు తెలిసేది మాత్రం చేతికి. అదే క్షణంలో చెవి కూడా పనిచేస్తుంది. సరిగ్గా ఆ చోట నొక్కినప్పుడు ఆమె "అబ్బా" అందా లేదా?

తరువాత గర్భసంచి వెనకాల, డగ్లస్ సంచి అనే పల్లంలో ద్రవం ఉందా అని చూస్తారు. కడుపులో ఏ రక్తం కారినా మొదట చేరే చోటు అది. పలుచని నీరైతే నల్లగా, రక్తమైతే దుమ్ము కలిసినట్టు మబ్బుగా కనపడుతుంది. స్కానులు లేని రోజుల్లో డాక్టర్లు ఇదే పల్లంలోకి వెనక నుంచి సూది పొడిచి రక్తం లాగేవారు. లాగిన రక్తం గడ్డకట్టకపోతే లోపల ట్యూబు చిట్లినట్టే లెక్క. ఆ పద్ధతి ఇప్పుడు దాదాపు పోయింది, పోవాల్సిందే. కానీ వేలితో, సూదితో, నాడితో ప్రాణాలు నిలిపిన పాత తరం వాళ్లను తలుచుకోకుండా ముందుకు పోవడం నాకు మనసొప్పదు. మబ్బు ద్రవం కనపడితే నేటి సోనాలజిస్టు అక్కడితో ఆగడు. ప్రోబు మార్చి, పొట్ట పైన కుడివైపు కాలేయానికీ మూత్రపిండానికీ మధ్య చూస్తాడు. అక్కడిదాకా రక్తం చేరి ఉంటే రిపోర్టు టైపు చేసే టైము లేదు, ఫోనెత్తాలి. తమిళనాడులో 2008 నుంచి తిరుగుతున్న 108 బండి మొదట 2005లో హైదరాబాదులో బయలుదేరిందన్న సంగతి ఇక్కడివాళ్లకు గుర్తుండకపోవచ్చు.

గర్భసంచిలోనే గర్భకోశం చక్కగా కనపడినా ట్యూబుల వైపు ఒకసారి చూపు వేసి రావడం మంచి చేతికి అలవాటు. ఒకటి లోపల, ఒకటి బయట, రెండు గర్భాలూ కలిసి రావడం మామూలుగా వేలల్లో ఒకరికి. ఐవీఎఫ్ తరువాత వందలో ఒకరి దాకా రావొచ్చు. ఊరూరా ఫెర్టిలిటీ సెంటర్లు వెలిసిన ఈ రోజుల్లో ఈ అలవాటు చాదస్తం కాకుండా పోయింది.

మన అమ్మాయి విషయంలో ఇంకో చోటు కూడా చూడాలి, పాత సిజేరియన్ కుట్టు. ఆ మచ్చలోనే గర్భం నాటుకునే కేసులు సిజేరియన్లతో పాటు పెరుగుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో వంద కాన్పుల్లో 61, తమిళనాడులో 45 సిజేరియన్లు. మచ్చలో గర్భం తెరమీద గర్భసంచి లోపలే ఉన్నట్టు కనపడుతుంది. కాస్త కిందకు, మూత్రాశయం వైపు గోడ పలుచగా ఉందని గమనించకపోతే తప్పిపోతుంది.

ఇంత వెతికినా ఏదీ దొరకకపోవచ్చు. గర్భసంచి ఖాళీ, ట్యూబుల్లో ముద్ద లేదు, ద్రవం లేదు, ఆమె నాడి బాగుంది. ఇలాంటప్పుడు రాసే మాట 'గర్భం ఎక్కడుందో తెలియదు' అని. తెలియదని రాయడానికి ధైర్యం కావాలి, ఫీజు కట్టిన పేషెంటు ఎదురుగా కూర్చున్నప్పుడు ఇంకాస్త ఎక్కువ కావాలి. తొందరపడితే రెండువైపులా కత్తి ఉంది. ట్యూబులోనే అని మందు ఎక్కించేశాక అది గర్భసంచిలో ఇంకా కనపడని మామూలు గర్భం అని తేలితే, కోరుకున్న బిడ్డకు చేజేతులా హాని చేసినట్టు. ఏమీ లేదని ఇంటికి పంపితే రాత్రి షిఫ్టులో మిల్లు గచ్చు మీద కూలిపోవచ్చు. అమెరికా వైద్య పత్రికలో 2013లో పీటర్ డూబిలే బృందం రాసిన వ్యాసం ఈ తొందరపాటు మీద పెట్టిన బ్రేకు అనొచ్చు. ఒక్క రక్త పరీక్ష అంకె చూసి, ఒక్క స్కాను చూసి తీర్పు చెప్పవద్దని, పిండం ఏడు మిల్లీమీటర్లకు చేరాకే గుండె లేదని రాయాలని, అంతవరకు ఆగాలని అది చెప్పింది.

ఆగడం అంటే చేతులు ముడుచుకోవడం కాదు. దానికో సాధనం ఉంది, బీటా హెచ్‌సీజీ. గర్భం నాటుకున్నప్పటి నుంచి మావి కణాలు వదిలే హార్మోను ఇది. కార్డు మీద రెండో గీత తెచ్చేదీ ఇదే. ఈ రోజు ఒకసారి, సరిగ్గా నలభై ఎనిమిది గంటలకు ఇంకోసారి, అదే ల్యాబులో రక్తం తీస్తారు. ఎదిగే గర్భంలో అంకె, మొదట 1500 లోపు ఉన్నప్పుడు, రెండు రోజుల్లో కనీసం సగం పెరగాలి. చాలామందిలో దాదాపు రెట్టింపవుతుంది. సగానికి పడిపోతే గర్భం నిలవలేదు. పెరిగీ పెరగక, తగ్గీ తగ్గక నసుగుతుంటే ట్యూబు మీద అనుమానం. అంకె 3500 దాటినా గర్భసంచి ఖాళీగానే ఉంటే ఆ అనుమానానికి బలం. ఇవి గీసిపెట్టిన గీతలు కావు. కొన్ని ట్యూబు గర్భాలు మొదట్లో మంచి గర్భంలా నటిస్తాయి. కాబట్టి అంకె ఒక సాక్షి మాత్రమే, స్కాను రెండోది, ఆమె నొప్పి మూడోది. ముగ్గురినీ విడివిడిగా విన్నవాడే నిపుణుడు.

ఈ అంకె వెనుక చరిత్ర చిన్నది కాదు. 1920ల చివర బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ ఎలుకలకు గర్భిణి మూత్రం ఎక్కించి అండాశయాలు కోసి చూసేవారు. 1972లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జుడిత్ వైటుకైటిస్, గ్లెన్ బ్రాన్‌స్టీన్, గ్రిఫ్ రాస్ ఆ హార్మోనులోని బీటా భాగాన్ని మాత్రమే పట్టే పరీక్ష తయారుచేశాక అది నమ్మదగిన కొలత అయింది. వాళ్ల పని పుట్టింది గర్భిణుల కోసం కాదు, మావి కణాల క్యాన్సర్ కోసం. అదే సంస్థలో 1956లో మిన్ చియు లీ, రాయ్ హర్ట్జ్ ఆ క్యాన్సర్‌ను మెథోట్రెక్సేట్ అనే మందుతో లొంగదీశారు. గడ్డ కనపడటం మానినా హార్మోను అంకె సున్నా అయ్యేదాకా మందు ఆపనని లీ పట్టుబట్టాడు. ఆ పట్టుకు ఉద్యోగం పోయింది. రోగులు మాత్రం బతికారు. ట్యూబులో గర్భానికి నేడు ఇచ్చే మందు అదే, చూసే అంకె కూడా అదే, సున్నా దాకా చూడాలన్న క్రమశిక్షణా ఆయనదే.

ఇక భీమవరం. రాజులంటే ఆంధ్రలో ముందుగా తట్టే ఊళ్లలో అది ఒకటి గనక రాజపాళయం పాఠకులకు కొత్త పేరు కాదు. 1895 జనవరి 12న అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివాడు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయనకూ ఆ జబ్బు వచ్చి తగ్గింది. తిన్నది ఒంటికి పట్టక, రక్తం క్షీణించే ఆ వ్యాధిలో తక్కువయ్యే పోషకాల్లో ముఖ్యమైనది ఫోలిక్ యాసిడ్. 1922లో అమెరికా చేరి, 1940లో లెడర్లీ సంస్థలో అడుగుపెట్టాక ఆయన నడిపిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. దానికి ముందు కథ కూడా మిల్లుల ఊరిదే. 1928లో బొంబాయి వచ్చిన ఇంగ్లీషు డాక్టరు లూసీ విల్స్ అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు ఎందుకు రక్తం క్షీణిస్తోందో వెతికింది. ఈస్టు నుంచి చేసే మార్మైట్ అనే ముద్ద తినిపిస్తే బాగుపడుతున్నారని 1931లో రాసింది. ఆ ముద్దలో దాగి ఉన్నదే ఫోలిక్ యాసిడ్. రాజపాళయంలో నెల తప్పిన అమ్మాయి చేతికి నర్సమ్మ ఇచ్చే 400 మైక్రోగ్రాముల మాత్ర అక్కడి నుంచి బయలుదేరింది.

లెడర్లీలో ఆ పోషకాన్ని తయారుచేసిన చేతులే దానికి విరుగుడునూ తయారుచేశాయి. ఫోలిక్ యాసిడ్ లాగే కనపడి, కణం నోట్లోకి వెళ్లి దాని పని ఆపే పదార్థాలు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1947–48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. ఇంకొకటే మెథోట్రెక్సేట్. సుబ్బారావు 1948 ఆగస్టులో 53 ఏళ్లకే పోయాడు. ఆ మందు ట్యూబులోని గర్భానికి కూడా పనికొస్తుందని చూపింది 1982లో జపాన్‌కు చెందిన తనాకా బృందం. వేగంగా పెరిగే మావి కణానికి ఫోలిక్ యాసిడ్ చాలా కావాలి. అది అందకుండా చేస్తే కణం ఆగిపోతుంది, ట్యూబు కోయనక్కర్లేదు. గర్భిణికి మొదటి రోజు ఇచ్చే మాత్ర ఒక తెలుగువాడి ప్రయోగశాలది, ట్యూబులో గర్భమని తేలిన రోజు ఇచ్చే సూది కూడా అదే ప్రయోగశాలది. సూది వేసే ముందు డాక్టరు అడిగే మొదటి సంగతి, "ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటున్నావా? ఇక ఆపెయ్యి." ఈ ఒక్క వాక్యంలో లెడర్లీ ప్రయోగశాల చరిత్రంతా ఉంది. అడిగేవాళ్లకు ఆయన పేరు తెలిసి ఉండాలని లేదు.

ఈ మందు అందరికీ కాదు. ఆమె స్థిరంగా ఉండాలి, ట్యూబు చిట్లి ఉండకూడదు, ముద్ద చిన్నది కావాలి, అందులో గుండె కొట్టుకోకూడదు, అంకె 5000 లోపు ఉంటే మేలు. కాలేయం, మూత్రపిండాలు బాగుండాలి. మోతాదు ఒంటి ఉపరితలాన్ని బట్టి, చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాములు. ఆ తరువాత నాలుగో రోజు, ఏడో రోజు రక్తం చూడాలి. నాలుగో రోజు అంకె పెరిగి కనపడవచ్చు. దానికి కంగారుపడి ఆపరేషన్‌కు పరుగెత్తడం తెలియనివాళ్లు చేసే పని. నాలుగు నుంచి ఏడుకు కనీసం 15 శాతం పడితే మందు పనిచేస్తున్నట్టు. ఈ మధ్యలో నొప్పి రావడం మామూలే. కానీ ట్యూబు చిట్లేటప్పుడూ నొప్పే వస్తుంది. ఏ నొప్పి ఏదో తేల్చడానికి మళ్లీ అదే చెయ్యి, అదే తెర. సరిపడే అంకె రాకపోతే రెండో సూది. అంకె సున్నా అయినా, సూది తరువాత కనీసం మూడు నెలలు ఆగి గర్భం కోసం ప్రయత్నించమంటారు. దూరంగా ఉండి, ఫోను లేక, వారం వారం రాలేని వాళ్లకు ఈ మందు ఇవ్వకపోవడమే తెలివి. మిల్లు షిఫ్టు, బస్సు టైము, ఇంట్లో అత్తగారి మాట కూడా లెక్కలోకి తీసుకుని మందా ఆపరేషనా అని నిర్ణయించే డాక్టరును నేను ఎక్కువ నమ్ముతాను.

ఆపరేషన్ సంగతి తొందరగా. 1883లో బర్మింగ్‌హామ్‌లో లాసన్ టెయిట్ చిట్లిన ట్యూబు తీసేసి ప్రాణం నిలపొచ్చని నిరూపించాడు. అంతకుముందు ఆ జబ్బు అంటే దాదాపు చావే. ఇప్పుడు లాపరోస్కోపీతో మూడు నాలుగు చిన్న రంధ్రాల్లోంచి అదే పని జరుగుతుంది. ఆమె బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే యాంటీ డి సూది మరిచిపోకూడదు. తొందరలో మరిచిపోయేది అదే. ఆసుపత్రుల మాటకొస్తే, 2022 జనవరి 12న ప్రధాని తమిళనాడులో పదకొండు ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభించారు. విరుదునగర్‌ది వాటిలో ఒకటి. ఆ రోజు సుబ్బారావు పుట్టినరోజు కావడం కాకతాళీయమే. నాకు మాత్రం నచ్చింది.

మెచ్చుకోవడానికే మొదలుపెట్టినా ఒక ఫిర్యాదు ఉంది. తమిళనాడులో గర్భిణి నమోదు పద్ధతి గట్టిది. ఆ నమోదులో ఇచ్చే పిక్మి నంబరు లేకుండా బిడ్డ జనన ధ్రువపత్రం రావడం కష్టం. గర్భిణులకు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరిట 18 వేల రూపాయల సాయం ఉంది. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు 2016 నుంచి జరుగుతున్నాయి. అయితే ఈ లెక్కలన్నింటిలో 'తొందరగా' అంటే పన్నెండు వారాల లోపు. ట్యూబుకు ఆ క్యాలెండరు తెలియదు. ఎనిమిదో వారంలో చిట్లే ట్యూబుకు పన్నెండో వారం నమోదు ఎందుకూ కొరగాదు. చుక్కలో నొప్పో కనపడిన ప్రతి గర్భిణికీ ఆరో వారంలోనే లోపలి స్కాను అందాలి.

ఇంకో గుడ్డిచోటు కూడా ఉంది. దక్షిణాదిలో పెళ్లయిన ఆడవాళ్లలో సగానికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. "ఆపరేషన్ అయిపోయింది కదక్కా, ఇంకా గర్భం ఎక్కడిది?" అని నలభై ఏళ్ల మనిషి నొప్పిని గ్యాసు అనుకుంటుంది. ఆ ఆపరేషన్ తప్పడం అరుదు. తప్పి గర్భం వస్తే మాత్రం మూడింట ఒకటి ట్యూబులోనే వస్తుందని 1990లలో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. కాబట్టి పొత్తికడుపు నొప్పితో వచ్చిన పిల్లలు కలిగే వయసు ఆడమనిషికి, ఆపరేషన్ అయినా కాకపోయినా, ముందు చవగా దొరికే గర్భ పరీక్ష కార్డు చూడాలి. అది అడిగే నర్సమ్మ చేసేదీ పనితనమే. దానికి స్కాను మిషను అక్కర్లేదు.

స్కాను కేంద్రం గోడ మీద లింగ నిర్ధారణ చేయబడదు అని బోర్డు, 1994 చట్టం కింద ఫారం ఎఫ్, ఆరు వారాల గర్భానికీ అదే కాగితం. ఆ వయసులో ఆడా మగా ఏ దేవుడికీ తెలియదు. అయినా రాయాల్సిందే. మంచి సోనాలజిస్టు నింపాల్సిన ఇంకో కాగితం రిపోర్టు. అది చదివితే చెయ్యి ఎలాంటిదో తెలిసిపోతుంది. 'గర్భసంచిలో గర్భం కనపడలేదు' అని ఒక్క ముక్కతో ముగిసేది సగం పని. పొర మందం ఎంత, కార్పస్ లూటియం ఏ వైపు, రెండు అండాశయాలూ కనపడ్డాయా, పక్కల్లో ముద్ద ఉందా, నొక్కినప్పుడు జారిందా, డగ్లస్ సంచిలో ద్రవం ఏ రకం, పాత కుట్టు ఎలా ఉంది, రెండు రోజుల తరువాత ఏ పరీక్ష, ఏ లక్షణం వస్తే అర్ధరాత్రైనా రావాలి అని రాసి ఉంటే అది పూర్తి పని.

ఆ కాగితాన్ని ఆ అమ్మాయి జాగ్రత్తగా దాచుకోవాలి. ట్యూబులో గర్భం ఒకసారి వచ్చినవాళ్లలో పదిమందిలో ఒకరికి మళ్లీ అలాగే రావొచ్చు, రెండుసార్లు వస్తే ఆ అవకాశం నలుగురిలో ఒకరికి. ఏ ట్యూబు తీశారు, ఏది మిగిలింది, అంకె ఏ వారానికి సున్నా అయింది అన్నవి మళ్లీ నెల తప్పిన రోజు కావాలి. ఆ తరువాతి స్కాను పన్నెండో వారంలో కాదు, ఐదున్నర, ఆరో వారాల్లో. గర్భసంచిలో కోశం, దానిలో యోక్ శాక్ కనపడ్డాక కూడా మిగిలిన ట్యూబు వైపు ఒకసారి చూసి గానీ ఆమెను లేవమనరు.